వెఱపును వెఱగును

చిన్న నిఘంటువులు ఫియర్, డ్రెడ్, టెర్రర్, హారర్ అను నాలుగు ఆంగ్లపదములకును భయమనియు, సర్‌ప్రైజ్, ఆస్టానిష్‌మెంట్, వండర్ అను మూటికిని ఆశ్చర్యమనియు నర్థము వ్రాసి తమ పని తీర్చుకొనుచుండును. పరీక్షార్థికి దీనితో గడచిపోవునేమో కాని, మాటలయందలి భేదము మనోవృత్తులయందలి భేదమునకు గుఱుతని తలంచువారి కింతతో తృప్తి కలుగదు. బిడ్డలను పెంచు తలిదండ్రుల కీ భేదముతో వ్యాకరణమునకు మించిన పని యున్నదని మా యభిప్రాయము.

ఫియర్ అను మాట ప్రాచీనాంగ్లమున మనోభావమునకు గాక, హఠాత్తుగా వచ్చిపడు నాపదకే పేరుగా నుండెను. కాలక్రమమున వెలుపలి యాపద పేరు లోపలి కలతకు సంక్రమించెను. నేడది యన్నివిధముల భయములకును సాధారణనామము. డ్రెడ్ అనునది యింకను రాని కీడును తలంచుకొని కుములుట. మన దిగులు దీనికి చేరువ. టెర్రర్, హారర్ అను రెంటిని లోకులు కలిపి వాడుచున్నను, ఆన్ రాడ్‌క్లిఫ్ అను నవలాకర్త్రి వ్రాసి, యామె మరణానంతరము 1826లో ప్రకటింపబడిన వ్యాసమున వీనిని చక్కగా విడదీసి చూపినది. మొదటిది ఆత్మను విప్పారజేసి శక్తులను మేల్కొలుపుననియు, రెండవది కుదించి గడ్డకట్టించుననియు నామె మతము. చీకటియింట నెవరిదో యడుగుల చప్పుడు వినబడినపుడు చెవులు నిక్కించుకొని యుందుము, అది టెర్రర్. దీపము తెచ్చి చూడగా నెదుట శవము పడియున్నచో నిక నూహింపవలసిన దేమియు లేదు, అది హారర్. ఈ రెండవమాటకు లాటినున మూలార్థము వెండ్రుకలు నిక్కబొడుచుకొనుట. మన గగుర్పాటు దీనికి సరిపోవును. రోమాంచమన్నచో మనవారు సంతోషమునకును వాడుదురు గనుక నది చెల్లదు.

సర్‌ప్రైజ్ కథ వేఱు. పైబడి పట్టుకొనుట యని యర్థమిచ్చు ఫ్రెంచిక్రియనుండి వచ్చిన యీ పదము శత్రువులపై నాకస్మికముగా దాడిసేయుటకు వాడబడెను. అందు మంచిచెడ్డలు లేవు. అనుకొననిది జరిగినది, అంతే. పోయెననుకొన్న ధనము దొరకినను, ఉన్నదనుకొన్న ధనము పోయినను సర్‌ప్రైజే. అది క్షణకాలము నిలిచి, వచ్చినది యేదో తెలిసినతోడనే సంతోషముగనో కోపముగనో భయముగనో మాఱిపోవును. ఆస్టానిష్‌మెంట్ దానికంటె బలవత్తరము. పిడుగుపాటు తిన్నవాని నిశ్చేష్టత దాని మూలమున నున్నది. వండర్ మాత్రము నిలిచి చూచును. ఆంగ్లేయుడు దేనినైన తెలిసికొనగోరినపుడు ‘ఐ వండర్’ అనును. దీనిని ‘ఆశ్చర్యపడుచున్నాను’ అని తెనిగించువారు మాటను పట్టుకొని భావమును విడిచిపెట్టుచున్నారు. అచట నున్నది జిజ్ఞాస.

ఇన్ని పేర్లున్నను శరీరమున కీ భేదములు చాలవఱకు పట్టవు. మనుష్యులును జంతువులును భావములను వెల్లడించు విధమునుగూర్చి డార్విను 1872లో ప్రకటించిన గ్రంథమున ఆశ్చర్యమును భయమును నొకే ప్రకరణమున చేర్చి, మొదటిది ముదిరి రెండవదానిని సమీపించునని వ్రాసెను. న్యూగినీలోని ఫోరే జాతివారికి ముఖచిత్రములు చూపి పరీక్షించిన ఫలితములను ఎక్మన్, ఫ్రీసెన్ అను పండితులు 1971లో ప్రకటించిరి. ఆ జాతివారు సంతోషమును కోపమును గుర్తించిరి గాని, భయపడిన ముఖమును ఆశ్చర్యపడిన ముఖమునుండి వేఱుపఱుపలేకపోయిరి. మన తెనుగు దీనిని ముందే యెఱిగినట్లున్నది: వెఱపు భయము, వెఱగు ఆశ్చర్యము, రెంటను ‘వెఱ’యే.

కన్నులు విప్పారుట రెంటికిని సమానమే. భేదము తీర్పునొద్ద వచ్చుచున్నది. వెఱపున మనస్సు ‘ఇది కీడు, పాఱిపొమ్ము’ అని తీర్పు చెప్పివేసినది. వెఱగున తీర్పింకను చెప్పబడలేదు. పామును చూచి, గట్టులేని నూతిని చూచి భయపడవలదని మేమనము; అచట తీర్పు సరియైనది. తెలియని ప్రతిదానిని కీడని ముందే నిర్ణయించుట కదా మూఢవిశ్వాసము.

1868 ఆగష్టు 18వ తేదీన గుంటూరున సంపూర్ణసూర్యగ్రహణము కనబడెను. పట్టపగలు చీకటిపడుట చూచి వెఱవనివా డరుదు. ఆ గ్రహణము కొఱకే ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు సూర్యుని యంచున లేచిన జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించి, యందలి కాంతిరేఖల ప్రకాశమునకు వెఱగుపడి, గ్రహణము లేకయే వీనిని చూడరాదా యని తలపోసి, మఱునాడే చూచెను. నేటికిని గ్రహణవేళ గర్భవతులను గది దాటనీయని యిండ్లు మనలో నున్నవి. చదువుకొన్నవారి యిండ్లును వానిలో చేరును.

ఇక ఆంగ్లమున ‘ఆ’ యని పలుకబడు చిన్నమాట యొకటి యున్నది. స్కాండినేవియా దేశముల ప్రాచీనభాషనుండి వచ్చినపుడు దానికి భయమనియే యర్థము. దైవమున కన్వయింపబడుటచే గౌరవమును విస్మయమును క్రమముగా నందు చేరినవి. దానికి పుట్టిన మాటలలో ఆఫుల్ చెడ్డదానికిని, ఆసమ్ మెచ్చదగినదానికిని నేడు చెల్లుచున్నవి. మన ‘భయభక్తులు’ అను జంటపదమున నట్టి విభాగము జరుగలేదు. పిల్లలు భయభక్తులతో నుండవలెననుచు భయమును ముందు పెట్టి, భక్తి తానై వచ్చునని యెదురుచూచుచున్నాము. తండ్రి యడుగుల చప్పుడు విని లేచి నిలుచు బాలునియందున్నది గౌరవమా, దిగులా యని యెవరును అడుగరు. ఆ బాలుడును పెద్దవాడగుదాక చెప్పలేడు.

ఉఱుము విని కన్నులు పెద్దవి చేసికొన్న అయిదాఱేండ్ల బిడ్డను చూడుడు. వాడింకను తీర్పు చెప్పలేదు. ‘బూచివాడు వచ్చుచున్నాడు, అన్నము తినుము’ అను తల్లి వానికి తీర్పు తానే చెప్పి పెట్టుచున్నది. అర్జునుని పేర్లు పలికించు నవ్వ యంతకంటె దయగలది. కాని యామెయు భయమును ఒప్పుకొనియే దానికి మందిచ్చుచున్నది. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడువఱకు అంకెలు లెక్కపెట్టించి, 3 సెకండ్లకు సుమారొక కిలోమీటరు చొప్పున పిడుగు దూరము తేల్చవచ్చునని చూపినచో, వాడు మఱియొక మెఱుపునకై కిటికీ విడువడు.