తడి ప్లగ్గు సాక్ష్యం

యర్రగొండపాలేనికి ఒక పక్క నల్లమల, అంటే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవి. అందులో రంపం మోత వినబడిందంటే అది నేరం. ఇంకో పక్క పశ్చిమ ప్రకాశం పట్టా భూములు, వాటిలో సుబాబుల్, జామాయిల్ తోటలు. కాగితం మిల్లులకు పోయే ఆ కర్రను కొయ్యడం సేద్యంలో భాగమే. ఈ వ్యాసం రెండో పక్కది. పాతబడిన ఒక రంపం మిషన్ ఉందనుకుందాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు లాగులకే అందుకుంటుంది. పావుగంట కోతకు ఉన్నట్టుండి ఆగిపోతుంది. చెట్టు కింద పెట్టి చల్లారనిస్తే మళ్ళీ అందుకుంటుంది. "కాయిల్ పోయింది అబ్బాయ్, కొత్తది వెయ్యి" అంటాడు ఆసామి. "పోయిందని నీకెట్టా తెలుసు మామా?" అంటాడు మెకానిక్. ఈ ఇద్దరూ కల్పితాలే గానీ వాళ్ళ తగాదా కల్పితం కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినదాకా మరమ్మతు పూర్తి కాలేదన్నది నా వాదం. మిషన్ తిరుగుతున్నా సరే, పూర్తి కాలేదంటాను.

ముందు నిప్పురవ్వ పుట్టే దారి చూడాలి. ఇందులో బ్యాటరీ లేదు. తాడు లాగితే అయస్కాంతం పొదిగిన చక్రం కాయిల్ కాళ్ళ పక్కనుంచి దూసుకుపోతుంది. రెంటికీ మధ్య సందు ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు, ఒక విజిటింగ్ కార్డు మందం. కదిలే అయస్కాంతం తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. కాయిల్‌లో తక్కువ చుట్ల తీగలో పుట్టిన ఆ కరెంటును సరైన క్షణంలో తెంపితే, వేల చుట్లున్న రెండో తీగలో పదివేల వోల్టుల పైచిలుకు లేస్తుంది, ప్లగ్గు మొనల మధ్య సందును దూకుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే మిషన్‌లో ఇది సెకనుకు 200 సార్లు జరగాలి. ఆపే మీట చేసే పని వేరు. అది కరెంటును కొయ్యదు, కాయిల్‌లో పుట్టినదాన్ని నేరుగా ఇంజను ఒంటికి, అంటే ఎర్త్‌కు మళ్ళిస్తుంది. ఈ చిన్న విషయం చివరిదాకా గుర్తుండాలి.

ఆసామి దగ్గర సాక్ష్యం లేకపోలేదు. "ప్లగ్గు ఊడదీసి చూశా, తడిసి ముద్దయింది. పెట్రోలు వస్తోంది, కాలట్లేదు. అంటే కరెంటు లేనట్టే గదా?" వినడానికి గట్టిగానే ఉంది. తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకం చదువుకున్నవాళ్ళకు మాత్రం ఇక్కడ పాత ఉదాహరణ ఒకటి కనబడుతుంది. ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని పండితుల మాట. పొగను చూసి నిప్పుందనడం చెల్లుతుంది, నిప్పును చూసి పొగ ఉందనడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, తడి కట్టె కూడా తగలాలి. ఈ చాటు షరతునే తార్కికులు ఉపాధి అన్నారు. మన ప్లగ్గు సంగతీ అంతే. పెట్రోలు అందుతూ నిప్పురవ్వ లేకపోతే ప్లగ్గు తడుస్తుంది, నిజమే. కానీ ప్లగ్గు తడిసిన ప్రతిచోటా నిప్పురవ్వ లేదనలేం. చోక్ వేసి పదిసార్లు తాడు లాగితే, కరెంటు దివ్యంగా ఉన్నా ప్లగ్గు తడుస్తుంది. తడి చెప్పేది ఒక్కటే: పెట్రోలు వచ్చింది.

"సరే, ప్లగ్గును ఇంజనుకు ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పు కనబడుతుంది గదా. అప్పుడైనా కాయిల్ మంచిదని ఒప్పుకుంటావా?" ఇది మొదటిదానికంటే మెరుగైన పరీక్ష, కానీ ఇదీ నమ్మిస్తూనే మోసం చేస్తుంది. బయటి గాలిలో దూకినంత తేలిగ్గా నిప్పురవ్వ సిలిండర్ లోపల దూకలేదు. నొక్కుకుపోయిన గాలిని చీల్చడానికి ఎక్కువ వోల్టులు కావాలి. బలహీనపడిన కాయిల్ ఆరుబయట వెలిగి లోపల చతికిలబడగలదు. పైగా చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే కీ తెగి చక్రం కాస్త జరిగిందనుకోండి, నిప్పు బలంగానే ఉంటుంది, రావాల్సిన క్షణానికి మాత్రం రాదు. (ఈ పరీక్ష చేసేటప్పుడు పెట్రోలు డబ్బా దూరంగా ఉండాలి, ప్లగ్గు రంధ్రం దగ్గర మొన పెట్టకూడదు.) ఇక "వేడెక్కితే ఆగుతోంది" అన్నదే తిరుగులేని గుర్తు అనుకుంటే, అదీ రెండు వైపులా పోయే గుర్తే. కాయిల్ లోపలి తీగ పూత చిట్లినా వేడికి ఆగుతుంది. ట్యాంకుకు గాలి పోయే సన్నదారి మూసుకుపోయినా పావుగంటకు పెట్రోలు దిగక ఆగుతుంది, కాసేపు ఊరుకుంటే మళ్ళీ అందుకుంటుంది. ఆగిన వెంటనే మూత కాస్త వదులు చేస్తే ఈ రెండో సంగతి తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఇక్కడ ఆసామికి విసుగు రావడం న్యాయమే. "కూలోళ్ళు గట్టు మీద కూర్చున్నారు, లారీ వచ్చి నిలబడింది. నీ తర్కం నాకెందుకబ్బాయ్? కాయిల్ మార్చు, తిరిగితే అదే రుజువు." ఈ ఆక్షేపణను తోసిపారేయలేం, కూలి డబ్బు నిజం. కానీ కాయిల్ మార్చేటప్పుడు ఎన్ని మారతాయో లెక్కపెట్టి చూడండి. పై మూత తీశారు. ఆపే మీట నుంచి కాయిల్‌కు వచ్చే, నలిగిపోయి ఇంజనుకు రాసుకుంటున్న స్టాప్ వైరును పక్కకు జరిపారు. చక్రం మీది తుప్పు తుడిచారు. సందు మళ్ళీ సరిచేశారు. ప్లగ్గు క్యాపు గట్టిగా నొక్కారు. ఇన్ని జరిగాక మిషన్ అందుకుంటే పేరంతా కొత్త కాయిల్‌కే పోతుంది. వైరు తొడుగు అరిగి, మోత అదురుకు ఇంజనును తాకుతూ మీట నొక్కినట్టే పనిచేస్తుండొచ్చు. వారం తిరిగేసరికి అది మళ్ళీ తాకుతుంది. అప్పుడు "కొత్త కాయిల్ కూడా దొంగసరుకే" అన్న రెండో అబద్ధం మొదటిదాని మీద మేడ కడుతుంది. తిరగడం తప్పు అప్పటికి పోయిందనడానికి రుజువేగానీ, తప్పు ఎక్కడుందనడానికి కాదు. దానికి అన్వయం, వ్యతిరేకం రెండూ కావాలి: అది ఉంటే ఇది ఉండాలి, అది తీస్తే ఇది పోవాలి. ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. ఒక్కసారి ఒక్కటే మార్చడం, చవకదాంతో మొదలుపెట్టడం, అనుమానం ఉంటే పాత కాయిల్ మళ్ళీ బిగించి జబ్బు తిరిగొచ్చిందో లేదో చూడడం. తప్పును కావాలని వెనక్కి పిలవగలిగినవాడికే అది తెలిసినట్టు.

ఇంకో ఆక్షేపణ దీనికంటే లోతైనది. రాజ్‌దూత్ బండ్ల కాలంలో కాయిల్ కరెంటును తెంపే పాయింట్లు కంటికి కనబడేవి. నల్లబడితే ఉప్పుకాగితంతో రుద్దేవారు, కండెన్సర్ మార్చేవారు. ఇప్పటి కాయిల్ గట్టి రెసిన్‌లో పోతపోసిన ముద్ద. విప్పలేం, చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే బాగానే చూపించొచ్చు. కనబడనిదాన్ని తెలుసుకున్నానని ఎట్లా అంటావు? ఇందులో సగం ఒప్పుకుంటాను. లోపల చిట్లింది మొదటి తీగో రెండో తీగో చెప్పలేం, చెప్పాల్సిన అవసరమూ లేదు. మూత వదులు చేసినా, వైరు విడదీసినా, ప్లగ్గు మార్చినా వేడిలో నిప్పు రాక, చల్లారగానే వస్తే, ఆ ముద్ద హద్దు లోపలే తప్పుందని చెప్పడం ఊహ కాదు, తార్కికులు చెప్పే అనుమాన ప్రమాణం. కొండ మీద పొగను చూసి నిప్పుందన్నప్పుడూ ఆ నిప్పును ఎవరూ వెళ్ళి ముట్టుకోలేదు. అనుభవజ్ఞుడు మోత వినే చెప్పేస్తాడనేవాళ్ళున్నారు. ఎక్కువసార్లు చెప్పగలడు కూడా. అది ఎక్కువ మిషన్లకు ఏం జరుగుతుందో తెలియడం. బల్ల మీద ఉన్నది ఒక్క మిషన్.

స్టాప్ వైరు పరీక్షలో ఒక చిక్కుంది. కాయిల్ దగ్గర ఆ వైరు పీకేసి తాడు లాగితే నిప్పు తిరిగొస్తుంది, జబ్బు వైరుదేనని తేలిపోతుంది. తేలిందన్న ఉత్సాహంలో దాన్ని అట్లాగే వదిలేసి మిషన్ చేతికిచ్చేస్తే అది తిరుగుతూనే ఉంటుంది, మీట నొక్కినా ఆగదు. పరీక్షలో చోక్ మూసి ఆపొచ్చు. తోటలో, గొలుసు తిరుగుతుండగా కాలు జారినవాడికి చోక్ వెతుక్కునే తీరిక ఉండదు. కాబట్టి మెకానిక్ సోదరులకు ఒక విన్నపం: వైరు తొడుగు మార్చి, మళ్ళీ తగిలించి, మీట నొక్కి మిషన్ ఆగడం ఆసామి కళ్ళముందు చూపించాకే డబ్బు అడగండి.