మళ్ళీ వచ్చే బిడ్డ

జబ్బుపడినవారిని చూడడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పండ్లూ రొట్టెలూ తీసుకువెళ్తాం. మంచం పక్కన నిలబడి "త్వరలోనే తగ్గిపోతుందిలే" అని ధైర్యం చెప్పి వస్తాం. మంచి మాటే. కాని తలసేమియాతో పుట్టిన పిల్లవాడి దగ్గర ఆ మాట అంటే వాడు మన ముఖంలోకి వింతగా చూస్తాడు. మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ ఇక్కడికే రావాలని వాడికి తెలుసు.

ఈ జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. తల్లిలోనూ తండ్రిలోనూ పైకి తెలియకుండా ఉన్న లోపం రెండువైపుల నుంచీ బిడ్డకు సంక్రమిస్తే, ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, జీవితాంతం, రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ఒక్కొక్క యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి పోతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథులలో పేరుకుంటుంది. ప్రాణం నిలిపే రక్తమే ప్రాణం మీదికి తెస్తుందన్నమాట. దాన్ని తీయడానికి ఒకప్పుడు రాత్రంతా పొట్ట చర్మం కింద సూది ఉంచి, చిన్న పంపుతో మందు ఎక్కించడమొక్కటే మార్గం. ఇప్పుడు మాత్రలు కూడా ఉన్నాయి. ఎముక మూలుగ మార్పిడితో నయమయ్యే అవకాశం ఉంది గాని, సరిపోయే దాత దొరకాలి, లక్షల రూపాయలు కావాలి.

కాబట్టి ఈ బిడ్డకు ఒక డాక్టరు చాలడు. రక్తానికి ఒకరు, గుండెకు ఒకరు, ఎదుగుదలకు మరొకరు. ఎవరి వంతు వారు శ్రద్ధగానే చూస్తారు. మరి మొత్తం బిడ్డను చూసేదెవరు? కాగితాలు కుక్కిన ప్లాస్టిక్ సంచి పట్టుకొని వరండాలో కూర్చున్న తల్లి. ఏ మందుకు దద్దుర్లు లేచాయో, ఏ నెలలో చలిజ్వరం వచ్చిందో ఆమెకు కంఠతా వచ్చు. ఆసుపత్రి భాషలో మాత్రం ఆమె "పేషెంటు తాలూకు". ఇంగ్లండులో 1959లో ప్లాట్ కమిటీ చెప్పేవరకు చాలా ఆసుపత్రులు తల్లిదండ్రులను బిడ్డ దగ్గరికి లెక్కపెట్టిన గంటలకే రానిచ్చేవి. మన దగ్గర తల్లిని పంపించరు. అన్ని పనులూ ఆమె చేతనే చేయిస్తారు, ఆమెను అడగడం మాత్రం మరచిపోతారు.

నయమయ్యేవారు బయట బారులు తీరి ఉండగా, నయం కానివాడికి ఇంత సమయం ఇవ్వడం న్యాయమా అని అడిగేవారున్నారు. కిక్కిరిసిన వార్డులో రాత్రంతా నిలబడిన నర్సు అడిగితే ఆ ప్రశ్నను కఠినమని కొట్టిపారేయలేం. కాని అందులో ఒక పొరపాటు ఉంది. ఆసుపత్రి బాధ్యత నయం చేయడంతో మొదలై దానితోనే ముగుస్తుందని అది ముందే తీర్మానించుకుంది. మంచి సమరీయుని కథలో గాయాలు కట్టిన చేతులే మనకు గుర్తుంటాయి. తిరిగి వస్తానని, ఎక్కువైన ఖర్చు అప్పుడు ఇస్తానని సత్రంవాడితో చెప్పడం గుర్తుండదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను 21 రకాల వైకల్యాలలో చేర్చింది. అంటే ఈ బిడ్డ చేయి చాపి నిలబడినవాడు కాడు.

పైగా వాడు అడిగేది కొండంత కాదు. ఒక ఆసుపత్రిలో పదేళ్ళ కుర్రవాణ్ణి చూశాను. కొత్తగా వచ్చిన నర్సు కుడిచేతికి రెండుసార్లు పొడిచింది, నరం దొరకలేదు. "అక్కా, అది పాడైపోయింది" అన్నాడు. కదలకుండా ఉండమని కసిరింది. మూడోసారికి పెద్ద సిస్టరు వచ్చింది. సూది ట్రేలో పెట్టి, మంచం మీద కూర్చుని, "ఈసారి ఏ చెయ్యి నాన్నా?" అని అడిగింది. వాడు చొక్కా చెయ్యి మడిచి ఎడమచెయ్యి చాపాడు.