తెలిసినవాని చేతిలో తెలియనివాడు

రాయపూరు నుండి బిలాస్‌పూరు పోవు రహదారిపైనున్న ధర్సీవా ప్రాంతమున రెండు విధములైన ధూళి కలదు. ఒకటి పొలముల మీదుగా వచ్చు మట్టి ధూళి. రెండవది సిల్తరా పారిశ్రామికవాడలోని స్పాంజి ఇనుము కర్మాగారముల నల్లని ధూళి. కంప్యూటరునకు ఈ భేదము తెలియదు. దాని ఫంకా గాలిని లాగినపుడెల్ల రెండును లోనికి పోవును.

ఛత్తీస్‌గఢ్‌లో సహకార సంఘములు కొను వరిధాన్యపు లెక్కలు 2007 నుండి కంప్యూటరులో వ్రాయబడుచున్నవి. కొనుగోలు దినములలో అట్టి యంత్రము ఒకనాటి ఉదయమున మొరాయించినయెడల నష్టము యంత్రమునకు కాదు. బస్తాలు వేసికొని తెల్లవారకమునుపే వచ్చిన రైతు ఆవరణలో నిలిచిపోవును. గుమాస్తా మీట నొక్కును, మరల నొక్కును. తుదకు మరమ్మతు చేయువానికి కబురు పోవును. వచ్చువాడు తెలుగువాడైనను ఛత్తీస్‌గఢ్ వాడైనను అతని యెదుట గుమాస్తా నిస్సహాయుడే.

నీతిగల పనివాడు బయటినుండి లోపలికి పోవును. మొదట గోడనున్న ప్లగ్గు, తరువాత తీగ, పిదప పెట్టె వెనుకనుండు చిన్న మీట. ఊడ్చునపుడు చేయి తగిలి ఆ మీట ఆగిపోయియుండుట అరుదు కాదు. అటుపిమ్మట, 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి యిచ్చు పవర్ సప్లై. ఫంకా తిరుగుచున్నను తెరపై ఏమియు రానిచో, కొన్ని యంత్రములు బీప్ శబ్దములతో తమ బాధను తామే చెప్పుకొనును. తరచుగా ఆ బాధ ర్యామ్ పలకను గూర్చినదై యుండును. దానిని ఊడదీసి, బంగారుపూత గల అంచును బడిపిల్లలు వాడు రబ్బరుతో మెల్లగా తుడిచి బిగించినంతనే యంత్రము లేచుట కలదు. పది నిమిషముల పని. యంత్రము లేవనంతమాత్రమున డిస్కులోని లెక్కలు చెరిగిపోయినట్లు కాదు. బెదరియున్న గుమాస్తాకు ఈ మాట ముందుగా చెప్పుటయు మరమ్మతులో భాగమే.

లోపలినుండి మొదలుపెట్టువాడును కలడు. మూత తీసి, తల ఆడించి, "బోర్డు పోయినది" అనును. కాదనగలవాడెవడు? ధాన్యము తూచునపుడు త్రాసు రైతు కన్నుల యెదుట నుండును. దొంగత్రాసును పరిశుద్ధ గ్రంథము ఎంత కఠినముగా ఖండించినదో చదువరులెరుగుదురు. ఇక్కడనైతే త్రాసు ఒక్కని తలలోనే యున్నది.

అతనికిని ఒక సమాధానము కలదు. అది బొత్తిగా తేలికయైనది కాదు. "రబ్బరుతో తుడిచితిని, మూడు వందలు ఇండు" అనినచో, "తుడుచుటకు మూడు వందలా?" అని నవ్వుదురు. "భాగము మార్చితిని" అనినచో మారు మాటాడక వెయ్యి యిత్తురు. జనులు వస్తువునకు వెల యిత్తురు గాని, ఎక్కడ తుడువవలెనో ఏండ్లతరబడి నేర్చుకొనిన తెలివికి ఈయరు. అబద్ధమును అతనికి నేర్పినవారిలో వారును ఒకరు. అయినను, తక్కువ కూలి యిచ్చిరని కూలివాడు కొట్లో ధాన్యము తీసికొనవచ్చునా? తన తెలివికి తగిన వెల ధైర్యముగా అడుగుట ఒకటి, ఎదుటివాని తెలియమికి వెల కట్టుట మరియొకటి. చట్టమును ఈ భేదమును గుర్తించినది: 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తెలుపవలసిన సమాచారమును బుద్ధిపూర్వకముగా దాచుటయు సేవాలోపమే. అయితే చూడనేరని దానిని గూర్చి ఫిర్యాదు చేయువాడెవడు?

కొందరు పనివారు మార్చిన పాత భాగమును యజమాని చేతిలో పెట్టుదురు. మార్చనిచో రసీదుమీద "ర్యామ్ తుడిచి బిగించుట" అని ఉన్నదున్నట్లు వ్రాయుదురు. ఆ కాగితము సంఘపు ఫైలులో నుండును. మరుసటి కోతలనాటికి యంత్రము మరల మొరాయించినపుడు గుమాస్తా దానిని తీసి చూచి, తానే ఒక రబ్బరు తెచ్చుకొని, ఆ పనివానికి కబురే పంపకపోవచ్చును. రసీదు వ్రాయునపుడు ఈ సంగతి అతడెరుగును.