అటుకుల మూట - అప్పుల మూట

మహాభారతమున అరణ్యపర్వమునందు యక్షుడు ధర్మరాజును అనేక ప్రశ్నలడిగెను. సుఖముగా నుండువాడెవ్వడని అడిగినపుడు ధర్మరాజు ఏ సార్వభౌముని పేరును చెప్పలేదు. దినమున ఐదవ భాగముననో ఆరవ భాగముననో తన యింట ఆకుకూర వండుకొని తినుచు, అప్పు లేక, పరదేశవాసము లేక యుండువాడే సుఖి యని పలికెను. గృహస్థునకు మిత్రమెవ్వరని అడిగినపుడు భార్యయే మిత్రమనెను. ఈ రెండు సమాధానములను కలిపి చదివినచో సంసారులకు గొప్ప ధర్మమొకటి బోధపడును.

కడపసీమలో ఈ ధర్మమునకు నిత్యము పరీక్ష జరుగుచున్నది. జమ్మలమడుగు ప్రాంతపు చేనేత గృహములలో భర్త గుంటమగ్గమున కూర్చుండి నేయుచుండగా భార్య కండెలు చుట్టును. నాలుగు దినములు ముసురుపట్టి గుంటలో చెమ్మ యూరినచో మగ్గమాగును. పొయ్యి మాత్రము ఆగరాదు. పులివెందుల ప్రాంతమున చీనీతోటను నమ్ముకొన్న రైతునకు బోరుబావి యెండినచో, చెట్లను బ్రతికించుకొనుటకు మరియొక బోరు, దానికై మరియొక అప్పు. బంగారు వర్తకమునకు పేరుగన్న ప్రొద్దుటూరిలో అంగడి గుమాస్తా దినమెల్ల పరుల నగలను తూచి, సాయంకాలము తన యింటి నగను కుదువబెట్టుటకు వేరొక వీథికి పోవలసివచ్చును. ఈ జిల్లావారు కొందరు అప్పు తీర్చుటకై కువైటు మొదలగు దేశములకు పోవుచు, ధర్మరాజు చెప్పిన సుఖములలో ఒకదానికై రెండవదానిని విడుచుచున్నారు.

ఇట్టి యిండ్లలో అప్పుకంటె ఎక్కువ కీడు చేయునది అప్పును దాచుట. భార్య కలతపడునని భర్త వడ్డీమాట చెప్పడు. భర్త చిన్నబుచ్చుకొనునని భార్య పొరుగింట తెచ్చిన చేబదులు మాట చెప్పదు. ఇద్దరి తలంపును మంచిదే. కాని అప్పులవాడు ఒకనాడు వాకిట నిలిచి పలికిన మాటతో రెండు రహస్యములును బయటపడును. సొమ్మును మరల సంపాదింపవచ్చును. ఇన్నేండ్ల నమ్మకమును సంపాదించుట కష్టము.

భాగవత దశమస్కంధమునందలి కుచేలుని కథ ఇచ్చట స్మరింపదగినది. ఆకలిచే కృశించిన ఆ యిల్లాలు భర్తను నిందింపలేదు. ఇంటి స్థితిని దాచనూ లేదు. ఉన్నదున్నట్లు చెప్పి, చిన్ననాటి సఖుడైన శ్రీకృష్ణుని దర్శించి రమ్మని వేడుకొనెను. వట్టిచేతులతో పోరాదని పొరుగిండ్ల యాచించి నాలుగు పిడికిళ్ళ అటుకులు తెచ్చి చిరుగుగుడ్డలో కట్టి యిచ్చెను. ద్వారకావైభవమును చూచి కుచేలుడు సిగ్గుపడి ఆ మూటను దాచుకొనెను. సర్వాంతర్యామి ఊరకుండునా? తానే మూటను లాగికొని ఒక పిడికెడు ఆరగించెను. రెండవ పిడికిలి యెత్తగా రుక్మిణీదేవి చేయి పట్టుకొనెను. సిగ్గుతో దాచినది వెలికివచ్చిన పిమ్మటనే ఆ యింటికి అనుగ్రహము ప్రసరించెను. ఇంట ఇల్లాలు నోరు విప్పినందుననే ద్వారకలో మూట విప్పబడెను.

ఋణమును ఎట్లు మోయవలెనో శ్రీనివాసుడే చూపినాడు. వేంకటాచల మాహాత్మ్యము ననుసరించి, పద్మావతీ కల్యాణమునకై స్వామి కుబేరునొద్ద ధనము గైకొనెను. దానిని చాటుగా గైకొనక, బ్రహ్మరుద్రులును అశ్వత్థవృక్షమును సాక్షులుగా ఋణపత్రము వ్రాసియిచ్చెను. ఎందులకు, ఎంత, ఎప్పటికి అను మూడు మాటలును అందరికి తెలిసినవే. గృహస్థుడు అప్పు చేయవలసివచ్చినపుడు ఆ మూడు మాటలను ముందుగా ఇల్లాలి యెదుట పలుకవలెను. ఆమెయే అతని యింటి అశ్వత్థము. ఇల్లాలికిని ఇదియే ధర్మము.

కొందరు మొక్కు చెల్లించుటకై వడ్డీకి సొమ్ము తెచ్చి కొండకు పోవుదురు. అటుకులారగించిన స్వామి అట్టి క్లేశమును కోరునా? వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు వేరుగా తీయుట, పసుపుగుడ్డలో రూపాయి రూపాయిగా ముడుపు కట్టుట పెద్దల యలవాటు. అట్లు కూడినపుడే ప్రయాణము. అంతవరకు తిరుమలకు తొలిగడపగా ప్రసిద్ధమైన దేవుని కడపలోనో, జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరుని సన్నిధిలోనో, పులివెందుల రంగనాథుని సన్నిధిలోనో ఒక తులసీదళము సమర్పించినను ఆ స్వామి ప్రీతుడగును.

శనివారము సాయంకాలము దీపము వెలిగించిన పిమ్మట దంపతులు స్వామిపటము ముందర కూర్చుండి ఆ వారపు రాబడిని, వ్యయమును, బాకీని ఒకరికొకరు చెప్పుకొనుట మేలు. ఆనాడు లెక్క సరిపోకపోయినను మనసులు సరిపడును. మరునాటి గంజిని ఇరువురును కలతలేక పంచుకొందురు. లక్ష్మిని వక్షఃస్థలమున నిలుపుకొన్న స్వామి కొలువైన యింట ఇల్లాలికి తెలియని ఋణముండరాదు. అట్లు నడచుకొను దంపతులను అలమేలుమంగాసమేతుడైన శ్రీనివాసుడు సదా రక్షించుగాక!