వెలుగు పలికిన సాక్ష్యము

ధ్యానమునకు: 19వ కీర్తన, ద్వితీయోపదేశకాండము 19:15



2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, ఆకాశమందు వేరొక లోకమున జీవపు గురుతులు కనబడినవను వార్త మన కృష్ణా డెల్టా గ్రామములకు కూడ వచ్చెను. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక యౌవనుడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇది నిజమైతే మన విశ్వాసము మాటేమిటండీ?" అని భయపడుచు అడిగెను. పెద్దలలో ఒకరు, "గుడిలో అట్టి ప్రశ్నలు వద్దు" అని కసురుకొనిరి. మేమైతే అతనిని అరుగుమీద కూర్చుండబెట్టుకొంటిమి.

మొదట బందరు సంగతి చెప్పితిమి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మద్రాసు నక్షత్రశాలనుండి పోగ్సన్ దొర మచిలీపట్నమునకును, ఫ్రాన్సునుండి జాన్సెన్ దొర గుంటూరునకును వచ్చిరి. సూర్యుని అంచున లేచు మంటల వెలుగును వారు రంగులుగా విడదీసి చూచిరి. అందులో పసుపుపచ్చని గీత యొకటి కనబడెను. అది మనమెరిగిన యే పదార్థముదియు కాదని లాక్యరు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు తలంచెను. దానికి హీలియము అని పేరు కలిగెను. అనేకులు సందేహించిరి. 1895లో రామ్సే అను పండితుడు ఆ వాయువును భూమిమీదనే కనుగొనెను. ఆ సాక్ష్యము స్థిరపడుటకు 27 సంవత్సరములు పట్టెను.

నేటి పనియు అట్టిదే. కుప్పనూర్పిళ్ల ధూళి గుండా చూచినప్పుడు అస్తమించు సూర్యుడు ఎర్రబడును గదా. వెలుగు తాను దాటి వచ్చిన దానిని గూర్చి చెప్పును. దూరపు గ్రహము తన నక్షత్రమునకు అడ్డుగా నడచునప్పుడు, ఆ నక్షత్రపు వెలుగు కొంత గ్రహపు గాలిగుండా వచ్చును. ఏ రంగులు తగ్గెనో చూచి, ఏ వాయువులు కలవో తెలిసికొందురు. 2021 డిసెంబరు 25న, క్రిస్మసు దినముననే, ఆకాశమునకు పంపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ పని చేయుచున్నది. 124 కాంతి సంవత్సరముల దూరమందున్న కె2-18బి అను గ్రహపు గాలిలో మీథేను, బొగ్గుపులుసు వాయువు కలవని 2023లో తెలిపిరి. 2025లో, భారతదేశమున జన్మించిన నిక్కు మధుసూదన్ గారును ఆయన తోటివారును, మన సముద్రములలో సూక్ష్మజీవులవలన కలుగు ఒక వాయువు జాడ కనబడుచున్నదనిరి. అయితే ఇది ఇంకను రూఢి కాలేదని వారే చెప్పిరి. ఇతరులు అదే లెక్కను మరల చూచి, ఆధారము చాలదనిరి.

యౌవనుడా, ఇందులో భయపడుటకేమున్నది? అక్కడ జీవమున్నను లేకున్నను, ఆ వెలుగును కలుగజేసినవాడు మన తండ్రియే. ఆయన చేతిపని యెంత విశాలమైనను మన విశ్వాసము చిన్నదికాదు.

మమ్మును గద్దించినది మరియొక సంగతి. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట గాని మాట స్థిరపడకూడదని ధర్మశాస్త్రము. ఆ పండితులు కంటికి కనబడని గాలిని గూర్చియే ఇంత జాగ్రత్తపడుచుండగా, మనము పొరుగువాని పేరును గూర్చి యెట్లున్నాము? ఒకప్పుడు మా సంఘములో కానుకల లెక్క తగ్గెనని పుకారు పుట్టెను. ఒక్కరి మాటనే మేమును నమ్మితిమి. లెక్కచూచు సహోదరుడు గుడికి వచ్చుట మానుకొనెను. నాలుగు నెలలకు పుస్తకము మరల కూడగా, ఒక పుట మొత్తము రెండవ పుటకు ఎక్కలేదని తేలెను. పైకము సరిగానే యుండెను. మేము ఆయన యింటికి వెళ్లి క్షమాపణ వేడుకొంటిమి. ఆయన క్షమించెను. ఆయన భార్య మాత్రము నేటికిని మాతో ముభావముగానే యున్నది.

కావున ప్రియులారా, ఈ నెలలో ఎవరిని గూర్చియైన చెడుమాట మన చెవినిబడినయెడల, దానిని మోయకముందు ఆ మనుష్యునినే అడుగుదము. ప్రభువు మన నోటికి కావలియుంచును గాక. ఆమేన్.