వినోదార్థము వన్యమృగబంధనము

మా బాల్యమున బెల్లంపల్లి బజారునకు, గనులలో జీతములు ముట్టిన దినములయందు, ఎలుగుబంటి నాడించువాఁడొకఁడు వచ్చుచుండెను. డమరుకము మ్రోఁగినంతనే పిల్లలమందఱము పరుగెత్తి చుట్టును మూఁగెడివారము. త్రాడు లాగినప్పుడు ఎలుగు వెనుకకాళ్లపై లేచి తూఁగాడెడిది. తల్లులు బిడ్డలను దాని వీఁపుమీఁదఁ గూర్చుండఁబెట్టి భయము పోయినదని సంతసించెడివారు. దాని వెండ్రుకను తాయెత్తులో నుంచి మెడకు గట్టెడివారు. మేమును పది పైసలు వేసితిమి. ఆ పది పైసలు దేనికి మూల్యమని యప్పుడు మే మడుగలేదు. ఇప్పు డడుగుచున్నాము.

ప్రియపాఠకులారా, అది నాట్యము గాదు. తల్లియెలుగును జంపి పిల్లను బట్టి తెచ్చుట మొదటి పని. పిదప కాల్చిన యినుపసూదితో దాని మూఁతిని దొలిచి, యా రంధ్రమున త్రాడు దూర్చుదురు, కోఱలను బెఱుకుదురు. పుండులోని త్రాడు లాగఁగా నొప్పికిఁ దాళలేక యది పైకి లేచును. ఆ లేచుటనే మనము నాట్యమంటిమి. ఈ జంతువు మన యాదిలాబాదు అడవులలో పుట్టలు త్రవ్వి చెదలను బీల్చికొనుచు, తేనెపట్లను వెదకికొనుచు, వేసవిలో రాలిన యిప్పపూవు నేఱికొనుచు సంచరించునట్టిది. పండ్లూడి మూఁతి చిల్లువడిన యెలుగునకో, యజమానుఁడు పెట్టిన రొట్టెముక్కయే గతి.

కఠినశ్రమ యన నేమో బెల్లంపల్లివారి కొకరు చెప్పనక్కఱలేదు. 1927లో నిచట బొగ్గు త్రవ్వ నారంభించినది మొదలు తరతరములుగా కార్మికులు బాయి దిగిరి. ఆ పనిలో చీకటి గలదు, ప్రాణభయమును గలదు. అయినను షిఫ్టు ముగిసినప్పుడు కార్మికుఁడు పైకి వచ్చును, జీతము గైకొనును, అన్యాయము జరిగినచో సమ్మె కట్టును. త్రాటఁ గట్టఁబడిన యెలుగునకు షిఫ్టు ముగియదు, కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. శ్రమ కఠినమైనంతమాత్రమున నన్యాయము గాదు. కాదను వీలును బొత్తిగాఁ దీసివేయుటయే యన్యాయము.

అట్లయిన దోషి యెవఁడు? ఎలుగు నాడించు ఖలందరును నిందించుట సులభము. అతఁడు పేదవాఁడు, తాతతండ్రుల వృత్తి దప్ప వేఱెఱుఁగనివాఁడు. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చిన పిదపఁ గూడ నీ యాట చిరకాలము సాగినది. 2009 నాఁటికిఁ గాని దేశమున దాదాపుగా నాఁగలేదు. ఆఁగినది కేవలము శిక్షాభయముచేతఁ గాదు. ఎలుగును అప్పగించిన కుటుంబములకు చిన్నవ్యాపారములకై పెట్టుబడి యిచ్చి, బిడ్డలను బడిలోఁ జేర్చిరి. వేఱొక బ్రతుకుతెరువు చూపఁగా నాడించువాఁడు మానెను. చూచెడి మన సంగతి యేమి? మన కట్టి తెరువు చూపవలసిన యక్కఱ యెన్నఁడును లేదు. అతఁ డాఁకలికై చేసినదానిని మన మాఁకలి లేకయే కొంటిమి. కావున పాపములో బరువైన పాలు మనదే.

గుడారములలో సింహముల నాడించు సర్కసు సంగతియు నిట్టిదే. ఎలుగు, కోఁతి, పులి, చిఱుతపులి, సింహము అను వానిని ప్రదర్శనలలో నాడించుటను 1998లో కేంద్రప్రభుత్వము నిషేధించెను. సర్కసు యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. 2000లో కేరళ హైకోర్టును, 2001లో సుప్రీంకోర్టును ఆ నిషేధమునే స్థిరపఱచెను. సర్కసులనుండి విడిపింపఁబడిన మృగములకు విశాఖపట్టణమునను తిరుపతియందును పునరావాసకేంద్రము లేర్పడెను. వాని నడవికేల విడువలేదని కొంద ఱడుగుదురు. బోనులోఁ బుట్టి పెరిగిన సింహమునకు వేఁట తెలియదు. తలుపు తెఱచినను దాని స్వాతంత్ర్యము దానికిఁ దిరిగి రాదు. మనుష్యుఁడు చేసిన తప్పులలో దిద్దికొనఁదగినవి కొన్ని గలవు. ఇది వానిలోఁ జేరినది గాదు.

ఇఁక నపాయము మాట. 2000 అక్టోబరులో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో దుండగులు బోనులోనున్న యాఁడుపులిని జంపి చర్మ మొలిచిరి. 2023 నవంబరులో విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలలో పని చేయుచున్న యొక యువసంరక్షకుని ఎలుగుబంటి చంపెను. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జంతుప్రదర్శనశాలయందు సందర్శకుఁడొకఁడు కంచె దాఁటి సింహపు టావరణమున దుమికి మరణించెను. మృగము, సేవకుఁడు, చూపరి యను మువ్వురిలో నెవ్వరికిని బోను పూర్ణరక్షణము గాదని యీ మూఁడు దృష్టాంతములును దెలుపుచున్నవి. అంతకంటె లోతైన యపాయ మొకటి గలదు. కంచె కావలనుండి చూచి చూచి, మృగమును మన యాటవస్తువుగా నెంచుట మన కలవాటగును. అది దాని స్వభావమును మఱచినదని తలఁతుము. అది మఱవలేదు, మఱచినది మనమే.

అడవిలోని పులి మాత్రము మనుష్యులను జంపుట లేదా యని యడుగువారు గలరు. చంపుచున్నది. మహారాష్ట్రములోని తాడోబా యడవులవైపునుండి పులులు మన కాగజునగరపు టడవులకు వచ్చుచుండుట యెల్లర కెఱుకయే. ఆ ప్రాంతమున 2020 నవంబరులో నొక యువకుఁడును నొక బాలికయు, 2024 నవంబరులో చేనిలోఁ బని చేయుచున్న యొక యువతియుఁ బులివాతఁ బడిరి. ఆ యిండ్ల శోకమును తేలికపఱచి మాటలాడుటకు మాకు నోరు రాదు. అయినను భేదము గమనింపుఁడు. అచట మనుష్యుఁడును మృగమును తమతమ జీవనార్థమై యొకే నేలను నడచుచున్నారు. ఆ యాపద నెట్లు తప్పింపవలయునన్నది కష్టమైన ప్రశ్న. బోనులోని యాపదయో మనము ప్రొద్దుపుచ్చుటకై కోరి తెచ్చుకొన్నది. దానికి కష్టమైన ప్రశ్నయే లేదు, మానుటయే యుత్తరము.

అయినచో జంతుప్రదర్శనశాల లన్నియు మూయవలయునా? అంతరించుచున్న జాతులను గాపాడునవియు, గాయపడినవానికి చికిత్స చేయునవియు గలవు. వానిని మేము నిరాకరింపము. పిల్లలకు విజ్ఞాన మబ్బుననియుఁ జెప్పుదురు. అబ్బవచ్చును, కాని బోనులో నటునిటు తిరుగాడుచుండు పులిని జూచి పిల్లవాఁడు నేర్చునది పులిని గుఱించి కాదు, బోనును గుఱించియే. కావున మే మొక పరీక్షను జూపెదము. మన కన్నులకు మఱుగై యుండుటకు ఆ జంతువునకు వీలు గలదా? దాఁగుకొనుటకు పొదయు, మనకు వీఁపు త్రిప్పుటకు చోటును గలిగి, అది కనఁబడని దినమునఁ గూడ మనము నొచ్చుకొనక మరలి రాఁగలిగినచో, అది యాశ్రయము. అది కనఁబడితీరవలెనని, ఆడితీరవలెనని మనము పట్టుపట్టినచో, ఎంత విశాలమైనను అది చెఱసాల.

ఈ పరీక్షను సర్కసుకును జంతుప్రదర్శనశాలకును మాత్రమే వర్తింపఁజేసి యూరకుండుట తగదు. ఎలుగు నాడించువానిని గుఱించి మేము మాటలాడఁగా తలలూఁచిన మిత్రుల యిండ్లకే మేము పోయి యున్నాము. అచట వసారాలో తీఁగపంజరమున రామచిలుక వ్రేలాడుచుండును. దానిని బెంచుట చట్టవిరుద్ధమని వారిలోఁ జాలమంది యెఱుఁగరు. “మా చిలుక చక్కఁగా మాటలాడును” అని గర్వముతోఁ జెప్పుదురు. అది పలుకునది మన మాట. దాని మాట యేమో మన కెవ్వరికిని దెలియదు.

సోదరులారా, ఖలందరు తన యెలుగును విడిచెను. అతనికంటె సంపన్నులము, చదువుకొన్నవారము, ధర్మము మాటలాడువారము మనము. మొదట మన వసారావంక చూతము. ఎగురలేని చిలుకను ఊరక వదలినచో కాకులపాలగును గావున నటవీశాఖవారి కప్పగింపుఁడు. పిదప, ఆట చూడవచ్చినవారి గుంపులో నిలిచి పైస తీయఁబోవు బిడ్డ చేయి పట్టుకొని, ఆ పైస దేనికి మూల్యమో మెల్లగాఁ జెప్పుఁడు. మా చిన్ననాఁట మా చేయి పట్టుకొన్నవా రొక్కరును లేకపోయిరి.