పిల్లికూనకు ఎవరు దిక్కు?

ఆళ్లగడ్డ నుంచి నల్లమల వైపు సాగే దారి అహోబిలం చేరుతుంది. ప్రహ్లాదుడి కోసం నరసింహుడు స్తంభం చీల్చుకుని వచ్చింది ఇక్కడేనని భక్తుల నమ్మకం. కన్నతండ్రే విషం పెట్టించినా ఆ పసివాడికి ఏమీ కాలేదు. శరణన్నవాణ్ణి కాపాడే పూచీ దేవుడిదే. మరి శరణు కోరిన జీవుడు తన వంతుగా ఏమైనా చేయాలా? శ్రీవైష్ణవం రెండు పాయలైన ప్రశ్నల్లో ఇదొకటి.

వేదాంత దేశికుల (1268–1369) బాట పట్టిన వడగలై వారిది మర్కట న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరచుకుని ఉండాలి. పిళ్లై లోకాచార్యులను అనుసరించే తెంగలై వారిది మార్జాల న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. అహోబిల మఠం వడగలై సంప్రదాయానిది.

ఈ చర్చలో ఉపమానంగా నిలిచిన పిల్లికూన నిజంగానే నంద్యాలలో ఒక మిద్దె ఇంటికి వచ్చిందనుకుందాం. పెరట్లో శివపూజకు గన్నేరు, గుమ్మానికి దిష్టి తగలకుండా కలబంద, కిటికీలో మనీప్లాంట్. మూడూ పిల్లికి చేటు చేసేవే.

మనీప్లాంట్ ఆకు కొరికితే అందులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు నాలుకలో గుచ్చుకుంటాయి. పిల్లి చొంగ కారుస్తూ ముందుకాలితో మూతి గీరుకుంటుంది, వాంతి చేసుకుంటుంది. గన్నేరు విషం ఏకంగా గుండె లయనే చెడగొడుతుంది. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీలు అన్నిటికన్నా ప్రమాదం. ఒంటిమీద రాలిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. దండల్లో గుచ్చే లిల్లీ వేరే జాతి.

ఏది తినాలో జంతువుకు తెలియదా అని కొందరంటారు. మనీప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి. ఆ మొక్కను ఇంట్లోకి తెచ్చింది మనిషి, పిల్లిని తలుపు లోపల పెట్టిందీ మనిషే. పైగా మాంసాహారి అయిన పిల్లి కాలేయం చాలా మొక్కల రసాయనాలను విరిచి బయటికి పంపలేదు. అయినా ఆకు నమలడం దానికి సహజం. ఇంత తెలిశాక దాని జాగ్రత్తను దానికే వదిలేయడం ధర్మం కాదు. ఇంట్లో పిల్లిది మార్జాల న్యాయమే. వడగలై వారు జీవుడి నుంచి ఆశించే ప్రయత్నమంతా ఇక్కడ కాపాడేవాడి మీద పడుతుంది.

ఆ ప్రయత్నం పెద్ద కష్టమైనదేమీ కాదు. పిల్లి ఉన్న ఇంట్లోకి లిల్లీ బొకే రానే రాకూడదు. మనీప్లాంట్‌ను అటక మీద పెట్టినా పిల్లి ఎక్కుతుంది కాబట్టి ఎవరికైనా ఇచ్చేయడమే మేలు. నమలడానికి ఒక కుండీలో గోధుమ గింజలు మొలకెత్తిస్తే చాలు. ఏదైనా తిన్నట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదు. ఆ ఆకును కూడా పట్టుకుని వెంటనే పశువుల ఆసుపత్రికి వెళ్లాలి. లిల్లీ విషయంలో ఆలస్యమైన ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది.

గోడ దూకి వచ్చే వీధిపిల్లి ఎవరి శరణూ కోరలేదు. అడగకుండానే కురిసే దయను తెంగలై ఆచార్యులు నిర్హేతుక కృప అన్నారు. పెరట్లో గన్నేరు కొట్టినవాళ్లు ఆ కొమ్మలను వీధిలో పారేయకుండా లోతుగా పూడ్చిపెడితే, ఆ దయ వీధిపిల్లికీ, చెత్తకుప్ప దగ్గర మేసే మేకలకూ, ఆవులకూ కూడా అందుతుంది.